మూడో కాపీ

ఇంజినీర్‌ని చంపడానికి వచ్చిన ఇద్దరూ కింది అంతస్తులో లిఫ్ట్ కోసం బుద్ధిగా నిలబడి ఉన్నారు. ఒకడి చేతిలో పూలగుత్తి, ఇంకొకడి చేతిలో కొరియర్ డబ్బా. పైనుంచి దిగుతున్న లిఫ్ట్‌లోని వాళ్లకి ఆ సంగతి తెలియదు.

లిఫ్ట్‌లో ఇద్దరే ఉన్నారు. ఇంజినీర్ తెరిచిన లాప్‌టాప్‌ని ఎడం చేత్తో పళ్లెంలా మోస్తూ, కుడిచేత్తో ఏదో టైప్ చేస్తున్నాడు. అతన్ని ప్రాణాలతో ఆనకట్ట కంట్రోల్ రూమ్‌కి చేర్చే బాధ్యత పక్కనున్న సీక్రెట్ ఏజెంట్‌ది. సర్వీసులో అందరూ ఆ ఏజెంట్‌ని తాబేలు అంటారు. అతను నోరు విప్పేలోపు ఎదుటివాడికి జుట్టు నెరుస్తుందని ఆఫీసులో జోకు.

"మూత వెయ్యండి సార్," అన్నాడు తాబేలు.

"ఒక్క నిమిషం. ప్రోగ్రామ్ శనివారమే అయిపోయింది. ఇది ఉత్త టెస్టు. నా చాదస్తం." ఇంజినీర్ స్క్రీన్ మీంచి తలెత్తలేదు. "ఆఫీసువాళ్లు ఇచ్చిన ఈ ముసలి లాప్‌టాప్‌లో ఇంకా గిరగిరా తిరిగే డిస్కే ఉంది. దీన్ని నమ్మడానికి లేదండీ. రెండేళ్ల కిందట నా సొంత లాప్‌టాప్ ఇలాగే ఓ పొద్దున ఉన్నట్టుండి చచ్చిపోయింది. మా ఆవిడ గొంతంతా అందులోనే ఉండేది. పాడేది, నన్ను తిట్టేది, పాలు తెమ్మనేది, అన్నీ. ఆవిడ పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. డిస్క్‌తో పాటు రెండోసారి పోయింది."

తాబేలు ఏమనాలా అని ఆలోచించాడు. అతని ఆలోచన పూర్తయ్యేసరికి లిఫ్ట్ కింది అంతస్తుకి వచ్చేసింది.

"తర్వాత ఏం చేశారు?"

"ఏముంది, బుద్ధి తెచ్చుకున్నాను," అని ఇంజినీర్ నవ్వాడు.

తలుపులు తెరుచుకున్నాయి. పూలగుత్తి పేలింది.

మొదటి తూటా ఇంజినీర్ ఛాతీలో దిగింది. రెండోది తాబేలు చెవి పక్కనుంచి వెళ్లి లిఫ్ట్ అద్దాన్ని ముక్కలు చేసింది. నడకలో, మాటలో నెమ్మదే గానీ తాబేలు చెయ్యి నెమ్మది కాదు. పూలవాడి గొంతులో ఒకటి, కొరియర్‌వాడి కంటి కింద ఒకటి దించాడు. కొరియర్‌వాడు లిఫ్ట్ గుమ్మానికి అడ్డంగా పడ్డాడు. తలుపులు మూసుకోబోయి వాడి నడుముకి తగిలి తెరుచుకున్నాయి. మళ్లీ మూసుకోబోయాయి, మళ్లీ తెరుచుకున్నాయి.

లాప్‌టాప్ లిఫ్ట్ గడప ఇనుము మీద పడి ఉంది.

ఇంజినీర్ తాబేలు చొక్కా పట్టుకుని దగ్గరకి లాగాడు. "అత్తయ్యకి చెప్పండి... ఆ టీవీ... ఎవరినీ ముట్టుకోనివ్వద్దని."

అదే ఆఖరి మాట. చివరి క్షణంలో మనుషులకి గుర్తొచ్చేవి ఇలాంటివేనని తాబేలుకి అనుభవం. పొయ్యి ఆర్పామా, తలుపు వేశామా. అతను ఇంజినీర్ కళ్లు మూశాడు. అంత రక్తంలోనూ కళ్లజోడుకి చిన్న గీత కూడా పడలేదు. దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇవ్వాల్సినవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు.

తర్వాత లాప్‌టాప్‌ని చేతిలోకి తీసుకున్నాడు. లోపల్నుంచి సన్నగా శబ్దం వస్తోంది. టిక్. టిక్. టిక్. వెంటనే ఆపేశాడు.

కారులో కూర్చోగానే ఫోన్ మోగింది. పెద్దాయన. సర్వీస్ చీఫ్.

"లాప్‌టాప్?"

"ఉంది. డిస్క్ టిక్కుటిక్కుమంటోంది."

అవతల ఒక బూతుమాట వినపడింది. పెద్దాయన నోట అలాంటి మాట వినడం తాబేలుకి ఇదే మొదటిసారి.

"విను. బయటి దేశపు ముఠా ఆనకట్ట కంప్యూటర్‌లో విషం లాంటి ప్రోగ్రామ్ ఒకటి దించింది. సాయంత్రం ఆరింటికి గేట్లన్నీ ఒకేసారి లేస్తాయి. వాళ్ల గురి దిగువనున్న ఆయుధాల డిపో మీద. మధ్యలో ఉన్న పేట వాళ్ల లెక్కలోనే లేదు. కరెంటు తీసినా, కంప్యూటర్ ఆపినా, మైకులో జనాన్ని హెచ్చరించినా ఆ క్షణమే గేట్లు ఎత్తేస్తారు. కంట్రోల్ రూమ్ మీద వాళ్ల కన్నుంది. దానికి విరుగుడు ఇంజినీర్ రాసిన ప్రోగ్రామ్ ఒక్కటే. నెట్‌కి కలపకూడదని చేత్తో మోయించాం. ఇప్పుడు టైమ్ మూడున్నర. డిస్క్‌ని మేడమ్ దగ్గరికి తీసుకెళ్లు. చచ్చిన డిస్కుల్లోంచి కూడా డేటా లాగుతుంది ఆవిడ."

ఫోన్ పెట్టేశాడో లేదో మళ్లీ మోగింది. ఈసారి కూతురు. దిగువ పేట ప్రసూతి వార్డులో నర్సు.

"నాన్నా, ఇవాళ నాకు డబుల్ డ్యూటీ. ఏడింటికి గానీ రాను. నీ ఫోన్ నిండిపోయిందన్నావుగా, తొందరపడి ఏదీ తుడిచెయ్యకు. నేనొచ్చి కాపీ తీస్తాను."

ఇప్పుడే వచ్చెయ్ తల్లీ, ఏదో సాకు చెప్పి గట్టెక్కి వచ్చెయ్. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కూతురు ఒంటరిగా వచ్చే మనిషి కాదు. వార్డులో పసిపిల్లలున్నారు, బాలింతలున్నారు. అందరినీ లేపుతుంది. పేట మొత్తం కదులుతుంది. ముఠాకి తెలుస్తుంది.

"సరే తల్లీ," అన్నాడు.

"గొంతేంటి అలా ఉంది?"

"జలుబు."

మేడమ్ లాబ్ బయటికి కళ్లద్దాల షాపులా కనిపిస్తుంది. తాబేలు బెల్ నొక్కాడు.

"వాన ఎప్పుడు తగ్గుతుంది?" అంది స్పీకర్.

"గొడుగు ఆరాక."

తలుపు తెరుచుకుంది. నల్ల సిల్కు బ్లౌజు, చెవులకి ముత్యాలు, వేళ్లకి తెల్ల గ్లౌజులు. సర్వీసులో సగం మంది మగవాళ్లు బాగున్న డిస్కుల్ని కూడా పాడుచేసుకుని ఇక్కడికి వస్తారని వినికిడి.

"కాలర్ మీద రక్తం, తాబేలుగారూ," అంటూ ఆమె దగ్గరికొచ్చి అతని కాలర్ సర్దింది. మల్లెలాంటి సెంటు వాసన. "మీది కాదుగా?"

"కాదు."

"అమ్మయ్య. ఇలా ఇవ్వండి."

లోపలి గదిలో తెల్లకోటు అసిస్టెంట్ ఒకడు నిలబడి ఉన్నాడు. దుమ్ము సోకకుండా డిస్కులు విప్పే గాజు పెట్టె గోడవారన ఉంది. మేడమ్ లాప్‌టాప్ అడుగు విప్పి డిస్క్ బయటికి తీసింది. టేబుల్ మీదే పెట్టి వైరు తగిలించి స్విచ్ వేసింది.

టిక్. టిక్. టిక్.

"ఊఁ," అంటూ ఆపింది. మళ్లీ వేసింది. టిక్. టిక్. ఈసారి సన్నటి గీకుడు కూడా వినపడింది.

"ఇంకోసారి చూద్దాం," అంటూ స్విచ్ మీద వేలు పెట్టింది.

తాబేలు గాజు పెట్టె వంక చూశాడు. దాని దీపం కూడా వెలగలేదు. నిరుడు ఓ డిస్క్ తెచ్చినప్పుడు ఆమె తనకి క్లాసు పీకిన సంగతి గుర్తొచ్చింది.

"మీరే చెప్పారు," అన్నాడు నెమ్మదిగా. "టిక్కుమన్న డిస్క్‌కి మళ్లీ కరెంటు ఇవ్వడమంటే, కాలు విరిగినవాణ్ని లేపి పరిగెత్తించడమని."

ఆమె వేలు ఆగింది. తర్వాత నవ్వింది. ఎంత అందమైన నవ్వంటే, ఆ నవ్వు వెనకే వచ్చిన స్క్రూడ్రైవర్‌ని అతను చూడలేదు. అది ఎడం భుజంలో పిడిదాకా దిగింది.

తెల్లకోటువాడు వెనకనుంచి మెడ చుట్టూ చెయ్యి వేసి బిగించాడు. తాబేలు గోడకి కాళ్లు తన్ని వెనక్కి తోశాడు. ఇద్దరూ కలిసి గాజు పెట్టె మీద పడ్డారు. పెట్టె పగిలింది. తెల్లకోటు ఎర్రకోటయింది. వాడు లేవబోతే తాబేలు వాడి జుట్టు పట్టుకుని టేబుల్ అంచుకి కొట్టాడు. మళ్లీ కొట్టాడు. వాడు జారిపోయి ఇక కదల్లేదు.

వెనక తలుపు ఊగుతోంది. మేడమ్ లేదు. సెంటు వాసన మాత్రం ఉంది.

ఆమె ఆపకుండా వదిలేసిన డిస్క్ ఇంకా తిరుగుతూనే ఉంది. మూత ఊడదీసి చూశాడు. అద్దంలా మెరవాల్సిన పళ్లెం మీద గుండ్రంగా ఒక గాడి, దాని చుట్టూ వెండి పొడి. ఆ పొడే ఇంజినీర్ రాసిన ప్రోగ్రామ్.

"డిస్క్ పోయింది సార్. మేడమ్ ఆ ముఠా మనిషే," అన్నాడు ఫోన్‌లో.

అవతల పెద్దాయన బల్ల మీద గుద్దిన చప్పుడు వినపడింది.

"ఇంకో కాపీ ఉందా సార్?"

"ఎక్కడుంటుంది? ఒక రహస్యానికి ఒకటే కాపీ. రెండోది తీసినవాడికి జైలు. ఆ రూల్ రాసిన ఘనుణ్ని నేనే."

స్క్రూడ్రైవర్‌ని పళ్లు బిగించి ఊడబెరికి, ఎందుకో పారేయకుండా జేబులో వేసుకున్నాడు. లోపల కళ్లజోడు చేతికి తగిలింది. లిఫ్ట్‌లో ఇంజినీర్ నవ్విన నవ్వు గుర్తొచ్చింది. భార్య గొంతు పోగొట్టుకున్న మనిషి. బుద్ధి తెచ్చుకున్నానన్న మనిషి. చచ్చిపోతూ ఎవరైనా టీవీ గురించి ఎందుకు మాట్లాడతారు?

"సార్, ఇంజినీర్ అత్తగారి ఇల్లెక్కడ?"

దిగువ పేటలో, గడియారాల షాపు పైన, మూడో అంతస్తు. తాబేలు కారు డిక్కీలో ఉన్న వేషాల్లోంచి కేబుల్ టీవీ మెకానిక్ టోపీ, సంచీ తీసి తగిలించుకున్నాడు. ఒక ముసలావిడతో ఉన్నపళాన చావుకబురు చెప్పడం ఎందుకు, పని చూసుకుని వెళ్లిపోవచ్చనుకున్నాడు.

ఆవిడ తలుపు సగమే తెరిచింది. పొట్టిగా, గట్టిగా ఉంది.

"అమ్మా, కేబుల్ ఆఫీసు నుంచి. మీ టీవీ చూడాలి."

"టీవీ బాగానే ఉంది నాయనా. బాగాలేనిది నువ్వే. భుజం కారుతోంది."

"ఐదు నిమిషాల పని."

"ఐదు నిమిషాలు కాదు, ఐదు సెకన్లు కూడా కుదరదు. ఆ టీవీ మీద మా అల్లుడు తప్ప ఇంకొకళ్లు చెయ్యి వెయ్యడానికి లేదు. నిన్నగాక మొన్న టీవీ కంపెనీవాడే వస్తే చీపురుతో పంపించాను. నీకైతే చీపురు అక్కర్లేదు, ఊదినా పడేలా ఉన్నావు."

ఇలా అంటూనే లోపలికెళ్లి ఉతికిన తువ్వాలు తెచ్చి అతని భుజానికి అదిమిపెట్టింది. కోపం కోపమే, తువ్వాలు తువ్వాలే.

తాబేలు టోపీ తీసేశాడు. జేబులోంచి కళ్లజోడు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆవిడ దాన్ని చూసింది. అద్దాలకంటిన మరకని చీర చెంగుతో తుడిచింది. ఒకవైపు అయ్యాక రెండోవైపు తుడిచింది.

"ఎప్పుడు?"

"ఇవాళే అమ్మా. నా పక్కనే. టీవీ ఎవరినీ ముట్టుకోనివ్వద్దని మీకు చెప్పమన్నారు. నేను ముట్టుకోకపోతే ఆరింటికి ఈ పేట ఉండదు. నా కూతురు ఈ పేటలోనే ఉంది."

ఆవిడ అడ్డు తప్పుకుంది.

"ప్రతి ఆదివారం భోజనానికొచ్చేవాడు," అంది నడుస్తూ. "తిన్నాక ఆ టీవీ వెనక దూరి, దానికి తగిలించిన డబ్బాలోకి ఏవేవో ఎక్కించేవాడు. మా అమ్మాయి గొంతు చుట్టాల ఫోన్లలో ఎక్కడెక్కడ ఉందో వెతికి, ముక్కముక్కగా కూడబెట్టాడు. రోజూ పొద్దున్నే అది విని గానీ నేను స్టౌ వెలిగించను. ఒకసారి పోగొట్టుకున్నాడుగా, అందుకని అన్నీ మూడు చోట్ల..."

తలుపు గొళ్లెంతో సహా ఊడి లోపలికి పడింది.

గుమ్మంలో ఎద్దులాంటి మనిషి. చేతిలో పొట్టి మెషిన్‌గన్. తాబేలు ముసలావిడని సోఫా వెనక్కి తోసేశాడు. తూటాలు గది పొడుగునా కుట్టుకుంటూ పోయాయి. గోడ పెచ్చులు రాలాయి. టీవీ పేలి పొగ కక్కింది. దాని వెనకున్న నల్లడబ్బా రెండు ముక్కలై నేల మీద దొర్లింది.

గన్ ఖాళీ అయింది. వాడు కొత్త తూటాలు ఎక్కించే లోపల తాబేలు పిస్టల్ లాగుతూ వాడి మీదకి దూకాడు. ఎద్దు ఒక్క విసురుకి అతన్ని గోడకి కొట్టి, బొటనవేలు భుజం గాయంలోకి దించాడు. తాబేలుకి కళ్ల ముందు లోకం తెల్లబడింది. చేతిలోని పిస్టల్ జారి కిటికీలోంచి బయటికి పోయింది.

"కాస్త పక్కకి జరుగు నాయనా," అంది ముసలావిడ, వంటింటి గుమ్మంలోంచి.

తాబేలు జరిగాడు. స్టౌ మీద మరుగుతున్న పాలు గిన్నెడూ ఎద్దు మొహాన పడ్డాయి. వాడు గావుకేక పెట్టాడు. తాబేలు తన వాచీ బటన్ లాగాడు. సర్వీసువాళ్లు అందులో చుట్టిపెట్టిన ఉక్కుతీగ బయటికొచ్చింది. వాడి వెనక్కి చేరి తీగ మెడకి చుట్టి, మోకాలు వీపుకి ఆనించి, ఉన్న బలమంతా పెట్టి లాగాడు. వాడి కాళ్లు చాలాసేపు నేలని తన్నుకున్నాయి. తర్వాత ఆగిపోయాయి. వాచీ కూడా ముక్కలైంది.

తాబేలు నల్లడబ్బా ముక్కల ముందు కూలబడ్డాడు. లోపలి పళ్లెం గాజుపెంకులయింది. ప్రసూతి వార్డులో తెల్ల యూనిఫాం కళ్ల ముందు కదిలింది.

"వీడు ఇంత తొందరగా ఎలా వచ్చాడు?" అని గొణిగాడు. చెయ్యి కాలర్ మీదకి వెళ్లింది. మేడమ్ సర్దిన చోట కందిగింజంత బిళ్ల అంటుకుని ఉంది. తను ఎక్కడికెళ్తే అక్కడికి దారి చూపించే ట్రాకర్. దాన్ని మడమ కింద నలిపేశాడు.

"అయిపోయిందమ్మా," అన్నాడు. "మీ అల్లుడి కష్టమంతా."

"నన్ను మాట పూర్తి చెయ్యనిస్తేగా ఎవరైనా," అంది ముసలావిడ కసురుకుంటూ. కళ్లనీళ్లు మాత్రం కారుతూనే ఉన్నాయి. "ఒకటి తన దగ్గర, ఒకటి ఇక్కడ, ఒకటి ఇల్లు దాటి. ఇల్లు కాలితే ఇంట్లోవన్నీ కాలతాయి అత్తయ్యా అనేవాడు. మూడోది కింద గడియారాలాయన దగ్గరుంది. పెన్ డ్రైవ్. ప్రతి ఆదివారం వెళ్లేటప్పుడు దాన్లోకి కూడా ఎక్కించి ఇచ్చిపోయేవాడు. నేను పంపానని చెప్పు."

తాబేలు మెట్లు దిగలేదు, దొర్లాడు.

షాపులో ఎటు చూసినా గడియారాలే. ఒక కంటికి భూతద్దం తగిలించుకున్న ముసలాయన తలెత్తి, రక్తంలో తడిసిన మనిషిని ఎగాదిగా చూశాడు.

"పైన అమ్మగారు పంపారు. వాళ్ల అల్లుడిగారి పెన్ డ్రైవ్."

"పైన పెళ్లి జరుగుతోందేమో అనుకున్నాను, ఆ చప్పుళ్లకి," అంటూ ఆయన లేచి, గోడ గడియారం ఒకదాని పొట్ట తెరిచాడు. ఆరుకి పది నిమిషాలు తక్కువ. "మీ వెనకున్న పెద్దదాన్ని మాత్రం నమ్మకండి. ఐదు నిమిషాలు ముందు. ఎంత తిట్టినా దానికి బుద్ధి రాలేదు."

పెన్ డ్రైవ్ తాబేలు అరచేతిలో పడింది. నడుముకున్న చేతి టెర్మినల్ తీశాడు. నెట్ అక్కర్లేకుండా కంట్రోల్ రూమ్‌తో నేరుగా మాట్లాడే సర్వీసు యంత్రం, వేరే దారి లేనప్పుడే వాడాలని రూల్.

"కింద పెట్టండి, తాబేలుగారూ."

గుమ్మంలో మేడమ్. ముత్యాలు చెక్కుచెదరలేదు. పిస్టల్‌కి సైలెన్సర్ ఉంది.

"మీరు కాలిస్తే ఇది పగులుతుంది," అన్నాడు తాబేలు, పెన్ డ్రైవ్‌ని ఛాతీకి ఆనించుకుని.

"పగిలితే నాకేం నష్టం? నేనొచ్చిందే దానికి." ఆమె పిస్టల్ ముసలాయన తలకి గురిపెట్టింది. "కాకపోతే నాకు రక్తం అంటే అసహ్యం. ఆరు కొట్టేదాకా ఇలాగే నిలబడదాం. నీళ్లు ఇక్కడికి చేరేలోపు నా కారు గట్టెక్కుతుంది. మీకు కావాలంటే లిఫ్ట్ ఇస్తాను."

"నా కూతురు ఈ పేటలోనే ఉంది."

"అయ్యో," అంది మేడమ్. నిజంగానే అన్నట్టుంది.

నిలబడ్డారు. గడియారాలన్నీ ఎవరి నడక వాళ్లు నడుస్తున్నాయి. అంతలో పెద్ద గడియారం కొట్టడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. మేడమ్ పెదాల మీద నవ్వు విరిసింది. ఆరో దెబ్బకి ఆమె తల ఆనకట్ట ఉన్న వైపు తిప్పింది. నీటి హోరు వినాలని.

తాబేలుకి ఆ ఒక్క చూపు చాలు. గడియారం కింద వేలాడుతున్న ఇనప బరువు తెంపి విసిరాడు. అది ఆమె మణికట్టుని విరిచింది. పిస్టల్ పేలింది. తూటా అతని తొడని చీల్చుకుంటూ పోయింది. అతను పడుతూనే ఆమెని పట్టుకుని పడ్డాడు. ఆమె ఎడం చెయ్యి పిస్టల్ అందుకుని అతని నుదుటికి లేస్తోంది. తాబేలు జేబులోకి చెయ్యి పెట్టాడు.

"మీ స్క్రూడ్రైవర్," అన్నాడు, మెడకింద దించుతూ.

ఆమె ఆశ్చర్యంగా అతని వైపు చూసింది. ఆ ఆశ్చర్యం అలాగే ఉండిపోయింది.

పెన్ డ్రైవ్ టెర్మినల్‌లో పెట్టాడు. వేళ్లు రక్తానికి జారుతున్నాయి. ముసలాయన కళ్లద్దం తుడిచే మెత్తటి గుడ్డ అందించాడు. స్క్రీన్ మీద ఆదివారం నాటి ఫైలు. పచ్చగీత పాకడం మొదలుపెట్టింది. సగం. ముప్పావు. కొంచెం మిగిలి ఉండగా ఆగింది.

"కదలవేం," అన్నాడు తాబేలు. జీవితంలో మొదటిసారి అతనికి తొందర పుట్టింది.

కదిలింది. ఆ మరుక్షణమే షాపులోని గడియారాలన్నీ ఒక్కసారిగా ఆరు కొట్టాయి. ఆ మోతలో టెర్మినల్‌లోంచి పెద్దాయన ఏదో అరుస్తున్నాడు. మోత ఆగాక వినపడింది.

"గేట్లు కదల్లేదు. వినపడుతోందా? గేట్లు కదల్లేదు."

ముసలావిడ ఒక్కో మెట్టే దిగి వచ్చింది. మేడమ్‌ని దాటి, వచ్చి తాబేలు పక్కన స్టూలు మీద కూర్చుంది. పెన్ డ్రైవ్‌లో ఇంకో ఫోల్డర్ ఉంది. దాని మీద పేరు లేదు. తాబేలు తెరిచి, మొదటిది నొక్కాడు.

"ఏమండీ, వచ్చేటప్పుడు పాలు తెండి," అందొక ఆడగొంతు, వెనకాల కుళాయి చప్పుడుతో. "మర్చిపోతే మీరూ రాకండి."

ముసలావిడ కళ్లజోడుని గుండెకి ఆనించుకుని నవ్వింది. గడియారాలాయన వెనక్కి తిరిగి, అక్కర్లేని గడియారానికి కీ ఇవ్వడం మొదలుపెట్టాడు.

ఏడున్నరకి తాబేలు ప్రసూతి వార్డు మంచం మీద ఉన్నాడు. ఆడవాళ్ల వార్డులో ఒకే ఒక్క మగ రోగి. కూతురు అతని భుజానికి కుట్లు వేస్తోంది. "జలుబట, జలుబు," అని ఒక్కో కుట్టుకీ ఒకసారి అంటోంది.

ఫోన్ మోగింది.

"గేట్ల ప్రోగ్రామ్ తుడిచేశావా?" అన్నాడు పెద్దాయన.

"తుడిచేశాను సార్. ముసలావిడ కూతురి గొంతు మాత్రం ఉంచి, పెన్ డ్రైవ్ ఆవిడకే ఇచ్చేశాను."

"ఒకటే కాపీయా?"

"సర్వీస్ రూల్ అదేగా సార్. కాపీలు తియ్యడం మా అమ్మాయికే అలవాటు."

అవతల దగ్గు వినపడింది. పెద్దాయన దగ్గు సిగ్గుకి దగ్గరి చుట్టం.

"ఆ రూల్ రాసినవాడి డిస్క్ కూడా పొద్దున్నించీ టిక్కుటిక్కుమంటోందయ్యా," అన్నాడు. "కుట్లయ్యాక మీ అమ్మాయికి ఫోనివ్వు."